చప్పుడుకు సర్దారెవరు?

మా పెద్దపల్లి వైపు పెండ్లి కుదిరిన ఇంట ఇప్పుడు తప్పక వినబడే ప్రశ్న "డీజే మాట్లాడిండ్రా?" అన్నది. బరాత్ బయలుదేరే వేళకు వాకిట నిలిచిన చుట్టాలు "డీజే వచ్చిందా?" అని అడుగుతారు. "వచ్చిండా" అని కాదు, "వచ్చిందా" అని. ముప్పదేండ్లకు పైగా బడిపిల్లలకు వ్యాకరణం చెప్పిన చెవి కనుక ఈ చిన్న తేడా దగ్గర ఆగిపోయింది. ఇంగ్లీషు వాడుకలో డిస్క్ జాకీ అంటే ఒక మనిషి. పాటల రికార్డులను ఎంచి, వరుస కూర్చి, వినిపించేవాడు. మన వాడుకలో డీజే అంటే డీసీఎం వ్యాను మీద ఎత్తుగా పేర్చిన పెట్టెలు. చిన్నయసూరి లెక్కలో మహద్వాచకం కావలసిన మాట అమహత్తై కూర్చున్నది. ఆ పెట్టెల వెనుక మిక్సర్ మీద చేయి వేసి ఐదారు గంటలు నిలబడే యువకుడికి ఆ పదంలో చోటు లేదు. అతణ్ణి పేర్కొనవలసి వస్తే "డీజే పిలగాడు" అనో, కాస్త మర్యాద ఉంటే "డీజే అన్న" అనో మరొక మాట తగిలించుకోవాలి.

ఈ టపా ఆ మనిషిని గురించినది. పెట్టెలను గురించి పత్రికలు రాస్తూనే ఉన్నాయి, పోలీసులు ఉత్తర్వులిస్తూనే ఉన్నారు. వీధిలో వందలమందిని నడిపించే పని చేస్తూ, నాయకుడనే లెక్కలోకి రాని ఆ వృత్తిదారుకు మన గడ్డమీద ఒక పూర్వచరిత్ర ఉన్నది. దానిని తెలిసినంత మేరకు వరుసలో పెట్టే ప్రయత్నమిది.

మొదట చాలా వెనుకకు పోవాలి. హనుమకొండ వేయిస్తంభాల గుడిలో కాకతి రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం చూచినవారికి "సమధిగత పంచమహాశబ్ద" అన్న బిరుదు గుర్తుండే ఉంటుంది. ఐదు మహాశబ్దాలను పొందినవాడని అర్థం. చక్రవర్తి తన సామంతునికి ఐదు వాద్యాలను మ్రోగించుకొనే హక్కును ఇచ్చేవాడనీ, ఆ హక్కు పొందినవాడు దానిని తన బిరుదావళిలో మొట్టమొదట చెప్పుకొనేవాడనీ పండితుల వివరణ. 'మహా' శబ్దంతో మొదలయ్యే ఐదు పదవులని మరికొందరి వ్యాఖ్య ఉన్నది కానీ, వాద్యాలన్న అర్థమే నాకు సమంజసంగా తోస్తుంది. కన్నడంలోని వివేకచింతామణి ఆ ఐదింటినీ శృంగం, తమ్మటం, శంఖం, భేరి, జయఘంట అని లెక్కపెట్టింది. అందులోని తమ్మటం ఏదో కాదు, మన తప్పెటయే.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. చప్పుడు చేయడం ఆ కాలంలో అధికార చిహ్నం. ఎవరంటే వారు చేయగలిగినది కాదు, ఒకరు ఇస్తే పుచ్చుకొనేది. బిరుదు మాత్రం ఏనుగు మీద కూర్చున్న మండలేశ్వరునిది. తమ్మటం మెడకు తగిలించుకొని ముందు నడిచినవాని పేరు ఏ శాసనంలోనూ నా కంట పడలేదు. వీధిలోని చప్పుడు ఒకరిది, చేసేవాడు ఇంకొకడు అన్న విభజన అంత పాతది.

సంగీతశాస్త్రం ఈ విషయంలో శాసనాల కన్న కొంత ఉదారమైనది. కాకతీయులకు సమకాలికులైన దేవగిరి యాదవుల కొలువులో 13వ శతాబ్దాన శార్‌ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రచించాడు. అందులో బృందం అంటే ఏమిటో చెప్పాడు. ఉత్తమ బృందానికి నలుగురు ముఖ్యగాయకులు, ఎనిమిదిమంది సమగాయకులు, పన్నెండుమంది గాయనులు, నలుగురు వేణువాదకులు, నలుగురు మార్దంగికులు ఉండాలన్నాడు. ఆపై బృందానికి ఆరు గుణాలు చెప్పాడు. ముఖ్యుని అనుసరించడం, ఒకరితో ఒకరు కలిసిపోవడం, తాళంలో లీనమై నడవడం, ఒకరికి తెగినచోట మరొకరు అందుకొని కప్పడం, మూడు స్థాయిలలో వ్యాపించే శక్తి, ధ్వనిలో సాదృశ్యం. నేటి కార్యాలయాలలో డబ్బిచ్చి పిలిపించుకొనే నాయకత్వ శిక్షకులు చెప్పే మాటలలో సగం ఇక్కడ ఉన్నాయి. తోటివాని లోపాన్ని సభలో బయటపెట్టక కప్పి నడిపించడం గుణమని ఏడెనిమిది వందల ఏండ్ల క్రిందట లెక్కకట్టినవారు వృత్తిధర్మం తెలియనివారు కారు. అయితే ఆ బృందం సభకు పాడేది. సభలోనివారు వినగోరి వచ్చినవారు. వీధిలో అట్లా కాదు. వినదలచుకోనివాడు కూడా వినవలసిందే. ఆ ఏడవ గుణాన్ని శాస్త్రం చెప్పలేదు, చెప్పవలసిన అవసరం దానికి రాలేదు.

వీధి బృందం సంగతి మన డప్పు వాళ్ళకు తెలుసు. కట్టెతో వలయం చేసి తోలు బిగించి, కుడిచేత సిర్ర, ఎడమచేత సిటికెన పుల్ల పట్టి వాయించే ఆ వాద్యం మాదిగల చేతిలో ఊరికి గడియారంగా, పత్రికగా, దేవతను పిలిచే గొంతుగా పనిచేసింది. చాటింపుకు ఒక దరువు, పెండ్లికి ఒకటి, బోనానికి ఒకటి, చావుకు ఒకటి. గుంపులో పెద్ద ఒకడుంటాడు. అతడు నోటితో ఏమీ చెప్పడు. దెబ్బ మార్చుతాడు, తక్కినవారు అందుకుంటారు. ఊరేగింపు ముందు వెనుకకు నడుస్తూ జనం వైపే చూస్తూ వాయించే పెద్దలను మా చిన్నతనంలో చూచాము. ఎవరు అలిసినారో, ఎవరికి పూనకం రాబోతున్నదో, ఏ మూలమీద తగవు పుట్టేటట్టున్నదో ఆ చూపుకు తెలిసేది. చావు జరిగిన ఇంటి ముందుకు రాగానే డప్పు దానంతట అదే అణిగిపోయేది. ఎవరూ ఉత్తర్వు ఇవ్వలేదు.

అంతటి పనివానికి ఊరిచ్చిన స్థానం ఏమిటో కూడా చెప్పాలి, లేకపోతే ఇది పాతకాలాన్ని పొగిడే వ్యాసమవుతుంది. వెట్టి కాలంలో డప్పు కొట్టడం చాలా ఊళ్ళలో కూలి లేని విధి. ఊరేగింపుకు అందరికన్న ముందు నడిచినవాడు విందులో అందరికన్న వెనుక, దూరంగా కూర్చున్నాడు. పిలుపు తప్పితే శిక్ష. ఊరిని నడిపించే చేతికి ఊరిలో మాట లేదు. తెలంగాణ ఉద్యమ కాలాన, 2002 తరువాత ధూంధాం వేదికల మీద డప్పు గౌరవ వాద్యమై నిలబడినప్పుడు ఆ పాత బాకీలో కొంత తీరింది. కొంత మాత్రమే.

డప్పుకు ఒక శారీరక ధర్మం ఉన్నది. వాయించగా వాయించగా తోలు వదులవుతుంది. వరిగడ్డి మంట వేసి సెగ చూపాలి. ఆ పదినిమిషాలు ఊరేగింపు ఆగుతుంది. పిల్లలు నీళ్ళు తాగుతారు, ముసలివారు అరుగుమీద కూర్చుంటారు, వీధి చెవి తేరుకుంటుంది. తరువాత వచ్చిన బ్యాండు మేళంలోనూ ఇంతే. సికింద్రాబాదు వంటి దండు ఊళ్ళలోని సైనిక బ్యాండ్లను చూచి నేర్చిన క్లారినెట్టూ, బాకాలూ, భుజకీర్తుల కోటూ. ఊపిరి ఊదే మనిషి ఊపిరి తీసుకోవాలి. బ్యాండు మాస్టరు చేయి దించితే అందరూ దించేవారు. హైదరాబాదు మర్ఫా మాత్రం వేరే దారిన వచ్చింది. నిజాము కొలువులోని ఆఫ్రికా సిద్దీలు, హద్రమౌత్ అరబ్బుల నుండి పుట్టి, తీన్‌మార్ అడుగుగా పెండ్లి బరాత్‌లన్నింటికీ పాకి, ఈనాటి డీజే పాటల లోపలి దెబ్బలో ఇంకా బ్రతికి ఉన్నది.

ఇక మైకుసెట్టు. 1960 దశకం చివర, 70లలో ఊరికి మైకుసెట్టు వచ్చిందంటే పండుగే. అహూజా వారి పెట్టె, వేపచెట్టుకు కట్టిన రెండు బాకాలు, ఒక బ్యాటరీ, ఒక రికార్డు ప్లేయరు. తెల్లవారగానే భక్తిపాట, భోజనాల వేళ సినిమా పాట, అప్పగింతల వేళ ఏడిపించే పాట. ఈ క్రమాన్ని ఆపరేటరు ఎక్కడా చదివి నేర్వలేదు. పాత 78 రికార్డు మూడు నిమిషాలలో అయిపోయేది. తీయాలి, తిప్పాలి, ముల్లు మార్చాలి. కాబట్టి ఆపరేటరు పెట్టె విడిచి పోలేడు. ప్రతి మూడు నిమిషాలకు ఒక నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో "తర్వాత ఏది?" అని ఒక నిర్ణయం. ఆ తరువాత ఎల్పీ వచ్చి ఇరువది నిమిషాలు చేసింది, క్యాసెట్టు వచ్చి అరగంట చేసింది. పెన్‌డ్రైవు వచ్చి తెల్లవార్లూ చేసింది.

నేను చెప్పదలచిన అసలు సంగతి ఇదే. పూర్వం చప్పుడు తనంతట తాను ఆగేది. తోలు సడలి, ఊపిరి చాలక, ముల్లు అరిగి, బ్యాటరీ దిగి ఆగేది. ఇప్పటి యంత్రానికి అలసట లేదు. జనరేటరులో డీజిల్ ఉన్నంతసేపు అది మ్రోగుతుంది. అందుచేత ఆపడం ప్రకృతి చేతిలోనుండి ఒక మనిషి చేతిలోకి వచ్చింది. మ్రోగించడానికి ఇప్పుడు పెద్ద నేర్పు అక్కరలేదు. ఆపడానికి కావలసిన అధికారం మాత్రం డప్పు పెద్దకు గాని, బ్యాండు మాస్టరుకు గాని ఎన్నడూ ఇంతగా అవసరపడలేదు.

మా బొగ్గుబాయిల సీమలో ఈ మాటకు బరువు ఎక్కువ. కారణం చెబుతాను. హైదరాబాదు దక్కన్ కంపెనీ 1886లో ఇల్లందు వైపు మొదలుపెట్టిన బొగ్గు తవ్వకం 1920లో సింగరేణి కాలరీస్ పేరు తెచ్చుకొని, గోదావరి వెంట పైకి పాకి, 1960 దశకం మొదట్లో మా రామగుండం ప్రాంతానికి చేరింది. దాని వెంట గోదావరిఖని పుట్టింది. 1980లో ఎరువుల కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టింది, 1983లో ఎన్టీపీసీ తొలి యూనిట్ వెలిగింది. ఎరువుల కర్మాగారం 1999లో మూతబడి 2021లో కొత్త పేరుతో తిరిగి తెరుచుకున్నది. ఇన్ని మార్పులలోనూ మారనిది మూడు షిఫ్టుల బ్రతుకు. వ్యవసాయం చేసే ఊరికి రాత్రి ఒకటే. గనుల ఊరికి ఏ వేళనైనా ఒక ఇంట్లో రాత్రే. పొద్దున పదింటికి మీరు నడిచే వీధిలో నైట్ షిఫ్టు దిగివచ్చిన ఫిల్లరో, ఫిట్టరో కిటికీకి దుప్పటి కట్టుకొని పడుకొని ఉంటాడు. అతడు సాయంత్రం మళ్ళీ బాయి దిగాలి. నిద్ర చాలని మనిషి బాయిలో ఎంత ప్రమాదమో ఇక్కడ ఇల్లాండ్రకు కూడా తెలుసు.

ఆ బాయిలోనే శబ్దాన్ని గురించిన కట్టుదిట్టం ఎంత గట్టిదో చూడండి. బొగ్గును పేల్చడానికి మందు పెట్టేవాడికి సర్టిఫికెట్టు ఉండాలి. అతడు చుట్టూ ఉన్నవారిని దూరం పంపి, దారులు కాచి, హెచ్చరించి, అందరూ చాటుకు చేరారని తేల్చుకున్న తరువాతనే పేల్చాలి. పేలిన తరువాత వెంటనే ఎవరినీ పోనివ్వకూడదు. ఓపెన్‌కాస్టులో సైరను లేకుండా బ్లాస్టింగు లేదు. ఆ పనివారి మీద మైనింగ్ సర్దార్ ఉంటాడు. అతనికీ పరీక్ష ఉన్నది. సర్దార్ అన్న పార్సీ మాటకు తలపెద్ద అని అర్థం. మా వైపు ఆ మాట బిరుదు కాదు, పూచీ. తన జిల్లాలో పైకప్పు కూలితే ముందు అడిగేది అతణ్ణే. యంత్రాల హోరును గురించి కూడా గనుల భద్రతాధికారులు 1975లోనే 85 డెసిబెల్లు హెచ్చరిక అనీ, 90 ప్రమాదమనీ హద్దులు గీశారు. భూమి క్రింద ఒక్క పేలుడుకు ఇంత తతంగం. అదే కార్మికుని ఇంటి ముందు, భూమి పైన, రాత్రి పన్నెండింటికి గోడలు అదిరేటట్టు మ్రోగించడానికి ఏ పరీక్షా లేదు, ఏ సర్దారూ లేడు.

డీజే పుట్టిన చోట సంగతి వేరు. అమెరికాలో 1930 దశకపు రేడియోలో రికార్డులు వినిపించేవారికి ఆ పేరు వచ్చింది. వీధిలోకి దానిని తెచ్చినది మాత్రం జమైకా దీవి. కింగ్‌స్టన్ నగరపు బీదవాడలలో 1950 నాటికే లారీమీద పెట్టెలు, ఆంప్లిఫయర్లు వేసుకొని తిరిగే సౌండ్ సిస్టంలు ఉండేవి. వాటిలో పని విభజన చక్కనిది. పాట ఎంచేవాడు సెలెక్టర్, మైకులో మాట కలిపేవాడు డీజే, యంత్రం చూచేవాడు ఆపరేటర్, పెట్టెలు మోసే కుర్రవాళ్ళు వేరు. మోయడంతో మొదలుపెట్టి సెలెక్టర్ దాకా ఎదగడం అక్కడి శిష్యరికం. ఆ కింగ్‌స్టన్‌లో 1955లో పుట్టి 1967లో న్యూయార్కుకు వెళ్ళిన క్లైవ్ క్యాంప్‌బెల్ అనే యువకుడు, కూల్ హెర్క్ అన్న పేరుతో, 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లోని ఒక అపార్టుమెంటు హాలులో తన చెల్లెలి కోసం పాటల విందు చేశాడు. హిప్‌హాప్ పుట్టినరోజుగా దానిని లెక్కిస్తారు. అతడు చేసినది యంత్ర విద్య కన్న ముందు చూపు విద్య. నర్తకులు పాటంతటా కాక, గొంతు ఆగి తాళం మాత్రమే మిగిలే చిన్న ఖండం కోసం కాచుకొని ఉన్నారని గమనించాడు. ఒకే రికార్డువి రెండు ప్రతులు రెండు పళ్ళేలమీద పెట్టి ఆ ఖండాన్ని పొడిగించాడు. జనం వైపు చూస్తూ వెనుకకు నడిచిన మా డప్పు పెద్దకు అతడు వరుసకు ఏమవుతాడో నేను చెప్పనక్కరలేదు. జమైకాలోనూ వీధి నిద్రపోలేక 1997లో శబ్ద నియంత్రణ చట్టం చేయవలసి వచ్చిందన్నది వేరే కథ.

మనకు ఆ శిష్యరికం లేకుండానే పెట్టెలు వచ్చాయి. మైకుసెట్టు దుకాణాలలో పనిచేసిన కుర్రవాళ్ళు కొందరు, టెంటుహౌసుల వారి కొడుకులు కొందరు, కంప్యూటరులో పాటలు కలపడం నేర్చిన ఇంటరు విద్యార్థులు కొందరు ఈ వృత్తిలోకి దిగారు. తాము కలిపిన పాట నడుమ తమ పేరూ ఊరూ పలికించుకోవడం వారి సంతకం. పూర్వకవులు గద్యలో పేరు చెప్పుకొన్నట్టే అనుకొని నేను దానిని క్షమిస్తాను. 2022లో వచ్చిన డీజే టిల్లు చిత్రంతో ఈ మనిషి సినిమా నాయకుడు కూడా అయ్యాడు, అయితే అందులో అతని వృత్తి కన్న అతని వాగుడే ఎక్కువ.

నా పూర్వవిద్యార్థి ఒకడు గోదావరిఖనిలో ఈ పనిమీదే ఇల్లు గడుపుతున్నాడు. తండ్రి తట్ట, చెమ్మస్ పట్టి బొగ్గు నింపినవాడు. కొడుకు పదవ తరగతిలో నా దగ్గర ఛందస్సు నేర్చుకున్నాడు, గణవిభజనలో మాత్రం వెనుకబడలేదు. నిరుడు మాఘమాసపు ముహూర్తాలలో ఒక బరాత్‌కు అతని వ్యాను వెంట కొంతదూరం నడిచి, మరునాడు తీరికగా మాట్లాడాను. అతని పంచాంగజ్ఞానం చూచి ఆశ్చర్యపోయాను. మూఢాలు ఎప్పుడు, ఏ నెలలో ఎన్ని ముహూర్తాలు, ఏ ఏడాది ఆషాఢం ఎప్పుడు పడుతుంది, అన్నీ నోటికి. ముహూర్తం లేని నెలలలో గిరాకీ లేదు, పెట్టెలమీద తెచ్చిన అప్పుకు వాయిదా మాత్రం ఉన్నది.

"సార్, పాట పెట్టుడు రెండు దినాలల్ల నేర్పుత. ఆపుడు నేర్సుకునేసరికి నాకు ఆరేండ్లు పట్టింది," అన్నాడు. వివరం అడిగాను. బరాత్‌కు ముందే పగటిపూట ఆ దారిలో ఒకసారి నడిచి వస్తాడట. దవాఖాన ఎక్కడ, కరెంటు తీగలు ఎక్కడ క్రిందికి వేలాడుతున్నాయి, ఏ ఇంట్లో పురుడు, ఏ ఇంట్లో చావు, ఏ వాడలో ఎవరు నైట్ షిఫ్టు. ఏ వాడలో ఏ పాట పెట్టకూడదో కూడా. ఒక కులాన్నో, ఒక పార్టీనో పొగిడే పాటను మరొకరి వాడలో కావాలని పెట్టించి తగవు పెంచాలని చూచేవారు ఉంటారు. తాగినవాడు వచ్చి ఆ పాట పెట్టమని మీద పడతాడు. "ఉన్నది కాని పెట్టనంటే కొడ్తరు సార్. అందుకే ఆ పాట పెన్‌డ్రైవుల వేసుకోనే వేసుకోను. లేదంటే లేదు." అంబులెన్సు వెలుగు కనబడితే ముందు బేసు తీసి, ఆపైన పాట తీస్తాడు. ఒక్కసారిగా ఆపితే ఆడుతున్నవారికి కోపం వచ్చి వ్యాను మీదికి ఎక్కుతారట, బేసు పోతే కాళ్ళు వాటంతట అవే నెమ్మదిస్తాయట. మైకు మాత్రం చుట్టాల చేతికి ఇవ్వడు. బయానా తీసుకొనేటప్పుడే కాగితం మీద వేళ, దారి, ఈ షరతులు రాసి పెండ్లిపెద్ద చేత సంతకం చేయించుకుంటాడు. ఆ కాగితాన్ని చూచాను, అక్షరదోషాలు రెండే ఉన్నాయి.

పెట్టెలు ఎత్తే పిల్లలకు పని ముగిసిన రాత్రే కూలి ఇవ్వడం, పెండ్లివారింట వారికి తనతోపాటే భోజనం అడిగి పెట్టించడం అతని మరొక నియమం. "ముందుగాల వాళ్ళు తినాలె సార్, నేను మిక్సర్ కాడ ఉంట" అన్నాడు. డప్పు పెద్దలు ఎక్కడ కూర్చొని తిన్నారో తెలిసినవాడికి ఈ మాట చిన్నదిగా తోచదు.

ఇటువంటి వారు ఎందరు? కొందరే. తక్కినవారి సంగతి మన చెవులకు తెలుసు. చట్టం లేక కాదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్లని హద్దు పెట్టాయి. బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకరు పెడితే ఆ హద్దుకు పది మించకూడదు, లేదా 75 దాటకూడదు, రెండింటిలో ఏది తక్కువైతే అది. డెసిబెల్లు మన రూపాయల వంటి లెక్క కాదని ఇక్కడ చెప్పాలి. పది పెరిగితే ధ్వనిశక్తి పదింతలవుతుంది. ఇరువది పెరిగితే నూరింతలు. సుప్రీంకోర్టు 2005 జూలై 18న ఇచ్చిన తీర్పు రాత్రి పది నుండి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మ్రోగరాదన్నది. ఆ వ్యాజ్యానికి దారితీసిన సంఘటనను తీర్పులోనే పేర్కొన్నారు. పదమూడేండ్ల బాలిక మీద అత్యాచారం జరుగుతుండగా ఆమె వేసిన కేకలు పక్కనే లౌడ్‌స్పీకర్లలో మ్రోగుతున్న పాటల హోరులో ఎవరికీ వినబడలేదు. ఆ బాలిక తరువాత నిప్పంటించుకొని చనిపోయింది. శబ్దం ఎక్కువైతే చెవిపోటు వస్తుందని మాత్రమే అనుకొనేవారు ఈ ఒక్క పేరా చదవాలి. శబ్దం ఇతర శబ్దాలను చంపుతుంది. వినవలసినవాటిని కూడా.

2024 అక్టోబరు 1న హైదరాబాదు పోలీసు కమిషనరు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. మా ఉమ్మడి కరీంనగరం వైపూ ఇటువంటి ఆంక్షలు వస్తూ, గడువు పెరుగుతూ ఉన్నాయి. వీటిని నేను తప్పుపట్టను. దుప్పటి కట్టిన కిటికీ వెనుక ఉన్నవాడి పక్షాన ఎవరో ఒకరు మాట్లాడవలసిందే. అయితే వ్యాను ఆగిన చోట పట్టుబడేది పెట్టెలూ, వాటి వెనుకనున్న పిల్లవాడూ. "ఇంకో గంట పెట్టు, పోలీసోళ్ళతోని నేను మాట్లాడుత" అని భుజం తట్టిన పెద్దమనిషి ఆ సమయానికి ఇంటిలోపల ఉంటాడు. పంచమహాశబ్దాలు మండలేశ్వరునివి, నింద తమ్మటం వానిది. అందుకే నిషేధం కన్న ముందు ఈ పనికి ఒక సర్టిఫికెట్టు, ఒక శిక్షణ, ఒక పూచీ ఉండాలని నా అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోదస్థలాల కోసం చెప్పిన ప్రమాణాలలో సగటు ధ్వని నూరు డెసిబెల్లు మించకూడదన్నదానితో పాటు, పనివారికి శిక్షణ ఇవ్వాలన్నదీ ఉన్నది. షాట్‌ఫైరరుకు పరీక్ష పెట్టి వందలమందిని తయారుచేసిన సీమకు ఇది చేతకాని పని కాదు. మందు పెట్టేవాడు ఎంత వినయంగా గడియారం చూచుకుంటాడో మా కార్మికులకు ఎవరూ చెప్పనక్కరలేదు.

డీజేకు అనుమతి దొరకని పెండ్లిళ్ళలో ఇప్పుడు మళ్ళీ డప్పు బృందాలను పిలుస్తున్నారు. ఈమధ్య వచ్చినవారు ఒకేరంగు చొక్కాలు వేసుకొని, ధర ముందే మాట్లాడుకొని, ఫోనులో డబ్బు పుచ్చుకొని వాయించారు. వెట్టి కాలపు బంటుకూ వీరికీ పోలిక లేదు, సంతోషం.

నా విద్యార్థి దగ్గర ఇద్దరు పిల్లలు పని నేర్చుకుంటున్నారు. మొదటి పెండ్లిళ్ళ కారు అంతా వారిని మిక్సర్ తాకనివ్వడు. వ్యాను ముందు నడుస్తూ ఇండ్లను, మనుషులను చూడడమే వారి పని. ఇద్దరిలో ఒకడు చెప్పకుండానే పట్టుకున్నాడట, ఎక్కడ తగ్గించాలి, ఎక్కడ లేపాలి, ఏ క్షణాన గుంపు అలిసింది. ఎట్లా వచ్చిందిరా అని అడిగితే వాళ్ళ తాత సుల్తానాబాద్ వైపు ఒక ఊళ్ళో డప్పు పెద్ద అని తెలిసింది. ఊరి పేరు నేను రాయను. ఆ పిల్లవాడు ఇతణ్ణి పక్కకు పిలిచి, "అన్నా, మా తాత ముచ్చట గిరాకీలకాడ చెప్పకు" అన్నాడట.